పంపినవాడు, పడినవాడు: చెర్నోబిల్‌ ముగ్గురూ పడమటి మండలాల వీరగల్లులూ

పుంగనూరు దాటాక ఒక చెరువుకట్ట పక్కన సగం దాకా మట్టిలో కూరుకుపోయిన వీరగల్లు ఉంది. దాని మీద నాచు గీకుతూ, అక్కడ మేకలు కాచుకుంటున్న ముసలామెను అడిగాను: ఈ వీరుడు తనంతట తానే పోయాడంటారా, ఎవరైనా పంపితే పోయాడంటారా? ఆమెకు నా ప్రశ్న వింతగా తోచింది. ఎవరి ఊరు కాచాడో అది కదా అడగాల్సింది అన్నట్టు మాట్లాడింది. అప్పటికి చెర్నోబిల్‌ గురించి రెండేళ్లుగా చదువుతున్న నాకు, తప్పు ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నానని అక్కడే తట్టింది.

నా తగువు 2019 నాటి హెచ్‌బీఓ ధారావాహిక ‘చెర్నోబిల్‌’తో. అందులో అధికారులు, ఇంజనీర్లు కూర్చున్న గదిలో రియాక్టరు కిందికి ఎవరు వెళతారన్న ప్రశ్న వస్తుంది. ఎవరూ పలకరు. చివరికి ముగ్గురు ఒక్కొక్కరే లేచి పేర్లు చెబుతారు. కంట తడి పెట్టించే దృశ్యమే, కాదనను. కానీ ఆ తరువాత తెలుగులో నేను చదివిన వ్యాసాలన్నీ దాన్నే చరిత్రగా తీసుకున్నాయి. ‘స్వచ్ఛందం’ అన్న మాట ఒకటి చేర్చి, ఆ ముగ్గురూ కొద్ది రోజుల్లోనే చనిపోయారని కూడా రాసేశాయి.

జరిగింది వేరు. 1986 ఏప్రిల్‌ 26న నాలుగో రియాక్టరు పేలింది. కరిగిన ఇంధనం అడుగునున్న నీటి తొట్టిలో పడితే పెద్ద ఆవిరి పేలుడు వస్తుందని నిపుణులు భయపడ్డారు. మే మొదటి వారంలో ఆ తొట్టి వాల్వులు తెరవడానికి అలెక్సీ అనానెంకో, వలేరీ బెస్పలోవ్, బోరిస్ బరానోవ్ నేలమాళిగలోకి దిగారు. అనానెంకోకు వాల్వులు ఎక్కడున్నాయో తెలుసు, ఆ పూట డ్యూటీలో ఉన్నదీ ఆయనే. ఫోనులో ఆదేశం వచ్చింది, వెళ్లాడు. అది తన పని అనీ, కాదంటే ఉద్యోగం పోయేదనీ తరువాతి కాలంలో ఆయనే చెప్పాడు. ఈత కొట్టింది లేదు. మోకాటి లోతు నీళ్లలో, చేతి దీపాల వెలుగులో, ఒక గొట్టాన్ని పట్టుకుని నడిచారు. వాల్వులు తెరుచుకున్నాయి. దాదాపు 20,000 టన్నుల నీరు బయటికి పోయింది. బరానోవ్ 2005లో గుండెపోటుతో పోయాడు. 2018లో ఉక్రెయిన్ ముగ్గురికీ సాహస పతకం ఇచ్చేనాటికి మిగతా ఇద్దరూ బతికే ఉన్నారు.

అయితే, ఆదేశం మీద వెళ్లాడు కాబట్టి అనానెంకో వీరుడు కాకుండా పోతాడా? ధారావాహిక వాదానికి ఇక్కడ జవాబు లేదు. వీరగల్లుకు ఉంది.

మదనపల్లె చుట్టుపక్కల, పుంగనూరు సీమలో బాణ, వైదుంబ, నొళంబ వంశాల కాలం నాటి వీరగల్లులు చూడండి. సోరెమడి యుద్ధంలో పడినవాళ్ల రాళ్లు కొన్ని; పశువుల మందను తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాళ్లవి ఇంకెన్నో. పొట్టి ఆవుకు పేరుమోసిన సీమ ఇది, మంద పోతే ఊరు పోయినట్టే. మొదటి రకంవాడు ఏలిక పనుపున పోయాడు. రెండోవాడిని ఎవరూ పంపలేదు. రాయి మాత్రం ఇద్దరికీ ఒకటే. కింద పోరు, నడుమ అప్సరసలు, పైన శివలింగం ముందు కొలువు. పైకి తీసుకుపోయే అప్సరసలు, నిన్ను ఎవరు పంపారని అడగరు.

శాసనం ఉన్న రాయి చెప్పేవి మూడే: పేరు, ఎక్కడ దేనికోసం పడ్డాడన్నది, ఇంటివాళ్లకు ఏమిచ్చారన్నది. ఈ మూడోదాన్ని మన పరిశోధకులు చాలినంత పట్టించుకోలేదన్నది నా మనసులోని బాధ. రాళ్లలో రాజుల పేర్లు ఏరుకున్నారు, వంశావళులు కూర్చారు, పడినవాడి పిల్లలకు దక్కిన మడిచెక్కను పాదసూచికలోకి నెట్టారు. మనం నెత్తురు మాన్యం అన్నదాన్నే కన్నడసీమ నెత్తరు కొడగె అంది, తమిళం ఉదిరప్పట్టి అంది. మూడు భాషలూ కలిసే కుప్పంలో నిలబడితే ఇవి మూడు మాటలు కావు, ఒకే న్యాయం. పడినవాడి ఇష్టాయిష్టాల లెక్క కాదది, ఊరు తీర్చాల్సిన బాకీ లెక్క.

ఆ లెక్కతోనే చెర్నోబిల్‌ను చదవాలి. 1986 సెప్టెంబరులో రియాక్టరు కప్పు మీద పారలతో గ్రాఫైటు ఎత్తిపోసిన వేలమంది రిజర్వు సైనికులకు ఒక్కొక్కరికీ దక్కిన గడువు కొన్ని సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు. యంత్రాలు రేడియేషన్‌కు మొరాయిస్తే మనుషులను పంపారు, ‘బయో రోబోలు’ అన్నారు. ‘స్వచ్ఛందం’ అనే గీత గీస్తే వీళ్లలో ఎక్కువమంది గీత అవతలే మిగిలిపోతారు. 1991 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ చేసిన బాధితుల హోదా చట్టం ఆ గీత గియ్యలేదు. నా దృష్టిలో అది నెత్తురు మాన్యమే. అయితే, ఫుకుషిమా అణు ప్రమాదం తరువాత యసుతెరు యమదా కూడగట్టిన విశ్రాంత ఇంజనీర్లు నిజంగానే తమంతట తాము ముందుకొచ్చారన్నది ఒప్పుకోవాల్సిందే.

మన దేశానికి వస్తే, 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, కేబుళ్లు కాలిపోయాయి. పదిహేడు గంటలు కేంద్రమంతా కరెంటు లేదు. ఆ చీకట్లో కొందరు ఆపరేటర్లు బ్యాటరీ లైట్లు పట్టుకుని రియాక్టరు భవనం పైకెక్కి, చేతులతో వాల్వులు తిప్పి బోరాన్ ద్రావణం లోపలికి వదిలారు. చర్య మళ్లీ మొదలయ్యే ముప్పు తప్పింది. తొమ్మిదో శతాబ్దంలో ఒక పల్లె తన మంద కాచినవాడికి చేసినంత కూడా మనం వీళ్లకు చెయ్యలేదు. కనీసం మూడు వరుసల శాసనమైనా లేదు. రాయి నిలిపే అలవాటు పోయిన జాతికి, తనను కాచినవాణ్ణి గుర్తుపట్టే చూపు కూడా పోతుందని నా నమ్మకం.

ఆ చెరువుకట్ట రాయి దగ్గరికి మళ్లీ వెళ్లాను. పోరు దృశ్యం వరకే పైకి కనబడుతోంది. అక్షరాలు అంతకు కింద, మట్టిలో ఉన్నట్టున్నాయి. ముసలామె రాయి తలకు పసుపు పూసి వెళ్లింది. వేసవిలో చెరువు ఎండితే తవ్వి పేరు చదవాలి.