గాడిదకు 50 కిలోలు, మనిషికి 100: గుంతకల్లు బస్తా కథ

ఈ పోస్టు కొంచెం పొడుగే. శెనక్కాయ ధర మీద రాయమని చాలామంది అడిగారు, అది ఇంకోసారి చూద్దాం. ఈరోజు ఆ శెనక్కాయ పోసే గోతాం గురించి, దాన్ని మోసే నడుము గురించి రాస్తున్నా. బస్తా బరువు ఇంతే ఉండాలని ఎవరు పెట్టారు? రైతు పెట్టలేదు, మోసే హమాలీ అసలే పెట్టలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఒక చిన్న ముచ్చట. 1965లో కేంద్ర ప్రభుత్వం బండి లాగే, మూట మోసే జంతువుల మీద క్రూరత్వం జరక్కుండా కొన్ని నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం గాడిద మీద 50 కిలోలకు మించి వెయ్యకూడదు. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా అసలు పనిలో పెట్టకూడదు. మంచి నిబంధనలే, కాదనను. అయితే అదే కాలంలో మన స్టేషన్ గూడ్సు షెడ్డుల్లో, గోదాముల్లో ఒక మనిషి వీపు మీద ఎక్కిన బియ్యం బస్తా, చక్కెర బస్తా ఒక్కొక్కటి క్వింటాల్. మన గుంతకల్లులో ఏప్రిల్, మే నెలల ఎండ ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఎండలో పన్నెండు గంటలకు గాడిదకు రెస్టు, హమాలీకి లోడు.

ఇప్పుడు గుంతకల్లు సంగతికి వద్దాం. మన ఊరు పెరిగిందే రైలు వల్ల. మద్రాసు నుంచి వచ్చిన లైనూ, బొంబాయి నుంచి వచ్చిన లైనూ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలో ఉన్నదే గుంతకల్లు. అది బ్రాడ్ గేజ్, పట్టాల మధ్య ఐదున్నర అడుగులు. తర్వాత సదరన్ మరాఠా రైల్వే వాళ్లు హుబ్లీ, బళ్లారి వైపు నుంచి, ఇటు నంద్యాల, బెజవాడ వైపుకు మీటర్ గేజ్ వేశారు. బెంగళూరు వైపుకూ మీటర్ గేజే. 1908లో రెండు కంపెనీలు కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయ్యాయి. కంపెనీలు కలిశాయి గానీ పట్టాలు కలవలేదు.

గేజు మారిందంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలీదు. ఒక లైను వ్యాగను ఇంకో లైను మీద నడవదు. హుబ్లీ వైపు నుంచి వచ్చిన పత్తి బేలు మద్రాసుకు పోవాలంటే గుంతకల్లులో దించాలి, పక్క ప్లాట్‌ఫారం మీదున్న బ్రాడ్ గేజ్ వ్యాగన్లోకి మళ్లీ ఎక్కించాలి. జొన్న, శెనక్కాయ, ఉప్పు, బెల్లం, అన్నిటికీ ఇదే గతి. ఆ సరుకుకు ఆ ఎత్తుడు దించుడు వల్ల పైసా విలువ పెరగలేదు. రెండు కంపెనీలు, ఒక సర్కారు కాగితం మీద వేరు వేరు గేజులు గీసుకున్న దానికి పరిహారం ఇక్కడి కూలీల వెన్ను కట్టింది. సరుకు టన్నుల లెక్క రైల్వే రిపోర్టుల్లో రాసుకున్నారు. నడుముల లెక్క ఎవరూ రాయలేదు.

బస్తా బరువు సంగతి. పాత మద్రాసు లెక్కలో 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. ఆ మణుగు 25 పౌన్లు, అంటే 11 కిలోలు దాటి కొంచెం. ఇంట్లో ఆడమనిషి కూడా ఎత్తగల బరువు అది. రైలుతో పాటు వచ్చిన మణుగు వేరే, దానికి 82 పౌన్ల పైన, 37 కిలోలకు ఎక్కువ. రెండు రైల్వే మణుగులు కలిపితే 74.6 కిలోలు. మన వడ్ల బస్తా లెక్క 75 కిలోలు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. 1956 చట్టంతో మెట్రిక్ తూకాలు వచ్చి, 1962 కల్లా దేశమంతా కిలోలు తప్పనిసరి అయ్యాక క్వింటాల్ బస్తా మరీ సుఖమైంది, గుమాస్తాకు. వంద బస్తాలంటే వంద క్వింటాళ్లు, గుణించే పనే లేదు. తూకం వేసేవాడికి, లెక్క రాసేవాడికి, వ్యాగను నింపేవాడికి, అందరికీ అనుకూలమే. మోసేవాడిని ఎవరూ అడగలేదు.

పనిచేసే ఒళ్లు ఎంత తట్టుకుంటుంది అనే ప్రశ్న మన నేల మీద అంతకు ముందే ఒకసారి వచ్చింది. 1876–78 ధాత కరువులో. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882 దాకా మనం బళ్లారి జిల్లాలోనే. రైలు ధాన్యాన్ని స్టేషను దాకా తెచ్చింది, అక్కడి నుంచి ఊళ్లకు లాగే ఎద్దులే చచ్చిపోయాయి. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, మీద ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ దొర 1877 మొదట్లో నిర్ణయించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పని చేసే ఒంటికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యమైనా కావాలి, దానితో పప్పు, కూరగాయలూ ఉండాలన్నాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఇది బరువు ఎత్తడం మీద చర్చ కాదులే అనొచ్చు. నాకైతే ఒకటే చర్చగా కనిపిస్తుంది: పని లెక్కను ఖజానా వైపు నుంచి కట్టాలా, ఒంటి వైపు నుంచి కట్టాలా?

ఒంటి వైపు నుంచి కట్టిన లెక్కలు తర్వాత చాలా వచ్చాయి. స్వీడన్ డాక్టరు ఆల్ఫ్ నాచెమ్‌సన్ 1960ల్లో బతికున్న మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది పెట్టి ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పటి కంటే కూర్చున్నప్పుడే ఎక్కువ, ముందుకు వంగి బరువు పట్టుకుంటే మరీ ఎక్కువ. ఎందుకంటే నడుము ఒక పలుగు లాంటిది. బస్తా మన వెన్నుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెన్ను వెనకున్న కండ ఐదు సెంటీమీటర్ల దూరం నుంచి దాన్ని లాగి పట్టాలి. ఎనిమిదింతలు. 40 కిలోల గోతాం ఎత్తేటప్పుడు ఆ కండ లాగేది 320 కిలోలు. పలుగుతో బండ లేపినోడికి ఈ లెక్క విడమర్చక్కర్లేదు.

అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో ఒక సూత్రం సవరించి పెట్టింది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి ఆనుకుని, పిడికిలి ఎత్తులో, మెలి తిరక్కుండా, అప్పుడప్పుడే ఎత్తితే, 23 కిలోలు. అక్కడి నుంచి కోతలు. నేల మీద నుంచి ఎత్తితే ఒక కోత, ఒంటికి దూరంగా పట్టుకుంటే ఒక కోత, నడుము తిప్పితే ఒకటి, పట్టు సరిగా లేకపోతే ఒకటి, నిమిషానికి ఎన్నిసార్లు అనేదానికి ఒకటి. మన కళ్లంలో నేల మీదున్న గోతాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లేపితే మొదటి రెండు కోతలకే 23 కాస్తా 11 కిలోలకు వచ్చేస్తుంది. మనం ఎత్తేది 40. మూడున్నర రెట్లు. అదే గోతాం నడుమెత్తు అరుగు మీదుండి, ఒంటికి ఆనించుకుని తీస్తే హద్దు మళ్లీ 23. గోతాం మారలేదు, అది ఉన్న చోటు మాత్రమే మారింది.

ఈ సూత్రం తెలియకముందే దీని సారం తెలిసినవాళ్లు ఉన్నారు. తమిళనాట పాత దారుల పక్కన సుమైతాంగి అనే బండలు చూసుంటారు. రెండు నిలువు రాళ్లు, వాటి మీద ఒక అడ్డ బండ, తల ఎత్తులో. తల మీద మూట దించి ఆ బండ మీద పెట్టి, సేద తీరాక ఎవరి సాయం లేకుండా మళ్లీ తల కిందికి జరుపుకోవచ్చు. వంగే పనే ఉండదు. కడుపుతో ఉండి చనిపోయిన ఆడవాళ్ల పేరు మీద వాటిని నిలబెట్టే ఆచారం ఉంది. ఇంకా నయం, మన హమాలీలదీ ఒక పద్ధతి ఉంది. బస్తాను నేల నుంచి ఎప్పుడూ ఒక్కడే ఎత్తడు. ఇద్దరు చెరో వైపు పట్టి లేపి మూడో మనిషి వీపు మీద పెడతారు. అతను మోసుకుపోతాడు. ప్రమాదం నడకలో కంటే ఎత్తుడులో, మెలిలో ఉందని వాళ్లకు పుస్తకం లేకుండానే తెలుసు. మనం ఇంటి దగ్గర, కూలి మిగులుతుందని, ఒక్కరమే ఎత్తుతాం.

చట్టాల సంగతి తొందరగా చెప్పేస్తా. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 34లో గాయం అయ్యేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని ఉండేది. రాష్ట్రాల రూల్సులో సాధారణంగా మగవాళ్లకు 50, 55 కిలోలు, ఆడవాళ్లకు 30. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో 127వ ఒడంబడిక చేసింది, దానితో వచ్చిన సిఫారసులో మగమనిషికి 55 కిలోలు హద్దు. మన దేశం ఆ ఒడంబడికకు ఒప్పుకున్నది 2010లో, అంటే 43 ఏళ్లకు. మహారాష్ట్రలో మాథాడీ, హమాలీలకు 1969లోనే ప్రత్యేక చట్టం, కేరళలో 1978లో. ఫుడ్ కార్పొరేషన్ గోదాముల్లో 95 కిలోల బస్తా పోయి 50 కిలోలది వచ్చింది. 2018 నుంచి యూరియా బస్తా 45 కిలోలైంది. అదేమీ నడుముల మీద జాలితో కాదు, మనం బస్తాల లెక్కన చల్లుతాం కాబట్టి బస్తా తగ్గిస్తే వాడకం తగ్గుతుందని. ఎలాగైతేనేం, ఐదు కిలోలు దిగాయి.

ఇవన్నీ గోదాముకు, ఫ్యాక్టరీకి. శెనక్కాయ ఆడించే మిల్లు ఫ్యాక్టరీ లెక్కలోకి వస్తుంది, దానికి సరుకు పంపే మన చేను రాదు. పోనీ గాయమైతే? 1923 నాటి పరిహారం చట్టానికి ప్రమాదం కావాల్సి వచ్చేది, ఒక తేదీ కావాల్సి వచ్చేది. బస్తా జారి కాలు విరిగితే తేదీ ఉంటుంది. ముప్పై ఏళ్లు మోసి అరిగిన నడుముకు ఏ తేదీ వెయ్యాలి?

మళ్లీ మన స్టేషనుకు. ఇంగ్లండు వాళ్లు 1992లో బరువుల పని మీద ఒక నిబంధన రాసుకున్నారు. ముందు ఆ ఎత్తుడు అసలు అవసరమా చూడు, తప్పించగలిగితే తప్పించు; తప్పకపోతే ప్రమాదం అంచనా వెయ్యి; తర్వాత తగ్గించు. సరిగ్గా అదే ఏడాది మన రైల్వే అంతా ఒకే గేజు చేసే పథకం మొదలుపెట్టింది. బెంగళూరు లైను అంతకు ముందే మారింది, హుబ్లీ, గుంటూరు వైపు లైన్లు 1990ల్లో మారాయి. దాంతో గుంతకల్లులో నూరేళ్లకు పైగా సాగిన ఆ దించి ఎక్కించే పని పోయింది. నడుములు కాపాడదామని ఎవరూ చెయ్యలేదు, వ్యాగన్లు తొందరగా తిరగాలని చేశారు. అయినా మన ఊరి చరిత్రలో వెన్నునొప్పికి దొరికిన అతి పెద్ద మందు అదే. కూలి పోయినవాళ్లూ ఉన్నారు, అది దాచకూడదు. పని తప్పించేటప్పుడు ఆ పనితో బతికేవాడి సంగతి ఇంగ్లండు నిబంధనలో లేదు, మన పథకంలోనూ లేదు.

పట్టాల మీద ఇంకో విచిత్రం కనిపిస్తుంది. పాత చెక్క స్లీపరును గ్యాంగ్‌మెన్ ఎత్తేవాళ్లు. ఇప్పటి కాంక్రీటు స్లీపరు రెండున్నర క్వింటాళ్లు దాటుతుంది, చేతులతో ఎత్తి మొయ్యడం అయ్యే పని కాదు కాబట్టి మిషను తెచ్చారు. అస్సలు ఎత్తలేనిదానికి క్రేను వస్తుంది. ఎలాగోలా ఎత్తగలిగిందే మనిషిని విరుస్తుంది. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి కొండనే మోశాడు గానీ, ఒక్కసారే. రోజుకు రెండొందల ట్రిప్పులు వెయ్యలేదు.

ఇక మన దగ్గరికి. 550 మిల్లీమీటర్ల వానలో పండేది పండగా, కళ్లంలో గోతాం నింపేది మనమే కాబట్టి దాని బరువు మన చేతిలోనే ఉంది. 40, 42 కిలోలు నింపే బదులు 30 నింపితే ఏమవుతుంది? వంద మూటలు 135 అవుతాయి. గోతాల ఖర్చు పెరుగుతుంది. హమాలీకి మూటకింత అని కూలి కాబట్టి అదీ పెరుగుతుంది, లేదా మూట రేటు తగ్గించమని వ్యాపారి అంటాడు. అప్పుడు హమాలీ సంఘం ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. అసలు పీటముడి ఇదే. రేటు మూటకు కాకుండా క్వింటాలుకు కట్టి, చిన్న మూటకు ఎక్కువసార్లు తిరిగే దానికి కొంత కలిపితే ముడి విడుతుందని నా అభిప్రాయం. ఆ కలిపేది ఎవరు, రైతా, వ్యాపారా, మార్కెట్ కమిటీనా? సెస్సు వసూలు చేసే కమిటీ అనే నేనంటాను. మీరు వేరేగా అనుకుంటే కింద రాయండి, మీ మార్కెట్లో మూటకు ఎంత తీసుకుంటున్నారో, ఎన్ని కిలోల మూటో కూడా రాయండి.

అంతవరకు చేతిలో ఉన్నవి చేసుకుందాం. గోతాం నేల మీద కాకుండా ట్రాలీ పక్కన బండల అరుగు కట్టుకుని దాని మీదే నింపడం, తూకం యంత్రం కూడా అక్కడే పెట్టుకోవడం. మూతి మరీ నిండా కుట్టకుండా రెండు చెవులు వదలడం, పట్టు దొరుకుతుంది. ట్రాలీ మీదికి పలక వేస్తే అది జారకుండా అడ్డ పట్టీలు కొట్టడం. ఆడవాళ్లకు అందించే గంప 15 కిలోలు దాటనివ్వకపోవడం. అరుగుకు బండలు కావాల్సినవాళ్లు పాత కళ్లం రాళ్లు వాడుకోవచ్చు, రెండున్నర అడుగుల ఎత్తు చాలు.