ఆకలికి వైద్యం: బెల్సెన్ శిబిరంలో లండన్ విద్యార్థులు

పూర్వం మన ఇళ్ళలో సన్నిపాత జ్వరం తగ్గి, లంఖణాలు విడిపించే రోజున రోగికి విస్తరి నిండా భోజనం వడ్డించేవారు కాదు. మొదట గంజి, మరునాడు జావ, ఆపైన మెత్తని అన్నంతో బీరకాయ కూర. దానినే పథ్యం పెట్టడం అనేవారు. రోగి ఎంత బతిమాలినా ముసలమ్మలు కరిగేవారు కాదు. ఆ కాఠిన్యం ఎందుకో 1945 మే నెలలో లండన్ వైద్య విద్యార్థులు కొందరు పరదేశంలో కళ్ళారా చూడవలసి వచ్చింది.

వారు సుమారు వంద మంది. లండన్ బోధనాసుపత్రుల్లో చదువు ముగింపుకు వచ్చినవారు. నెదర్లాండ్స్‌లో కరవు బాధితులకు సేవ చేయాలని పేర్లు ఇచ్చారు. తీరా బయలుదేరే వేళకు గమ్యం మారింది. జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరానికి వెళ్ళమన్నారు. బ్రిటిష్ సైన్యం ఏప్రిల్ 15న ఆ శిబిరంలో ప్రవేశించేనాటికి అక్కడ దాదాపు 60,000 మంది బందీలున్నారు. పూడ్చిపెట్టని శవాలు సుమారు 10,000. టైఫస్ జ్వరం చెలరేగుతోంది. (ఇది మనమెరిగిన టైఫాయిడ్ కాదు, పేల వల్ల వ్యాపించే వేరొక వ్యాధి.)

సైనికులు జాలిపడి తమ వద్దనున్న డబ్బా మాంసం పంచిపెట్టారు. తిన్నవారిలో అనేకులు ప్రాణాలు కోల్పోయారు. విముక్తి లభించిన తరువాత కూడా అక్కడ 13,000 మందికి పైగా మరణించారంటే పాఠకులు నమ్మలేకపోవచ్చు.

విద్యార్థులు చేరేసరికి పరిస్థితి కొంత కుదుటపడింది, అంతే. ఒక్కొక్కరికి ఒకటి రెండు పాకలు అప్పగించారు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆసుపత్రి విద్యార్థి మైకేల్ హార్‌గ్రేవ్‌కు అప్పటికి 21 ఏళ్ళు. అతడు రోజూ రాసుకున్న డైరీ తరువాతి కాలంలో పుస్తకంగా వచ్చింది. స్టెతస్కోపుతో చేయగలిగిన పని అక్కడ స్వల్పం. పొద్దున్నే శవాలను వేరుచేయించడం, నేల కడిగించడం, వంటశాల నుంచి తెచ్చిన ఆహారం అందరికీ చేరేలా చూడటం: ఇదే వైద్యం. లేవగలిగినవారు రెండు వంతులు తినేవారు. లేవలేనివారికి ఏమీ మిగిలేది కాదు. కనుక పడుకున్నవారి నోటికి చెంచాతో అందించవలసి వచ్చేది. వైద్య కళాశాలలో ఈ పాఠం ఎవరు చెబుతారు?

ఏమి తినిపించాలన్నది అసలు చిక్కు. 1943 నాటి బెంగాల్ కరవులో వాడిన మిశ్రమమే ఇక్కడికీ వచ్చింది: వెన్న తీసిన పాలపొడి, పిండి, చక్కెర, ఉప్పు, నీరు. లక్షలాది మంది భారతీయులను పొట్టన పెట్టుకున్న కరవులో పుట్టిన వంటకం అది. అయితే బందీలలో పెక్కుమంది తూర్పు ఐరోపావారు. అంత తీపి వారికి సహించలేదు; చాలామంది తోసిపుచ్చారు. ముందే జీర్ణం చేసిన ప్రోటీన్ ద్రావణాలను కూడా ప్రయత్నించారు. నోటి ద్వారా ఇస్తే రుచి భరించలేకపోయారు. నరానికి ఎక్కించబోతే భయంతో కేకలు పెట్టారు. నాజీ శిబిరాలలో సూదిమందుతో చంపడం వారెరిగిన విషయమే మరి! వీటిని పరీక్షించడానికి వెళ్ళిన డాక్టర్ జానెట్ వాన్ చివరకు తేల్చినది సులువైన మాట: తాగగలిగినవారికి పాలను కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వడమే మేలు.

దీని వెనుకనున్న శరీర ధర్మాన్ని నేడు ‘రీఫీడింగ్ సిండ్రోమ్’ పేరుతో బోధిస్తున్నాం. చాలాకాలం పస్తున్న శరీరం కొవ్వును కరిగించుకుంటూ బతుకుతుంది. ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు తరిగిపోతాయి. హఠాత్తుగా పిండిపదార్థాలు అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ లవణాలను కణాలలోకి లాగేస్తుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు నీరసిస్తాయి. బెల్సెన్ మరణాలన్నిటినీ దీనికే అంటగట్టడం సరికాదు. టైఫస్, క్షయ, విరేచనాలు తమ వంతు తాము తీసుకున్నాయి.

మీ ఇంట్లో ఎవరైనా ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉంటే, నిరాహార దీక్ష వల్ల కానివ్వండి, మద్యపానం వల్ల కానివ్వండి, ప్రేమకొద్దీ విందు పెట్టకండి. గ్లూకోజు సీసా ఎక్కించమని తొందరపెట్టకండి. ముందు వైద్యుని చూపించి, లవణాల పరీక్ష చేయించి, థయమిన్ ఇప్పించి, ఆహారం మెల్లగా పెంచండి.

ఇక ఆ విద్యార్థుల సంగతి. రోగులను ఒక్కొక్కరినే కడిగి, పేలు చచ్చేందుకు డీడీటీ చల్లి, దగ్గరలోని సైనిక శిక్షణాలయంలో ఏర్పాటుచేసిన ఆసుపత్రికి తరలించారు. ఖాళీ అయిన పాకలను తగులబెడుతూ వచ్చారు. చివరి పాకను మే 21న కాల్చివేశారు. విద్యార్థులలో కొందరికి టైఫస్ సోకింది, మరికొందరికి క్షయ. మిగిలినవారు నెలాఖరుకు లండన్ చేరి, ఆగిన చదువు అందుకున్నారు.