ఏలూరు సీమ కొండనడకలు

ఒక్క పగటిలో కాలినడకన ఎక్కి, చూచి, ప్రొద్దుగ్రుంకకమున్నే దిగిరాదగిన కొండత్రోవలు ఏలూరునకు ఉత్తరమున మెట్టసీమలో మొదలై, బుట్టాయగూడెము, పోలవరముల మన్యమువరకు వ్యాపించియున్నవి. కొల్లేటి లంకలలోను, తాడేపల్లిగూడెపు వరిచేల నడుమను పెరిగినవారికి కొండయనునది కనుచూపుమేర కానరాదు. కాని ఉత్తరముగా సాగినకొలది నల్లనేల పోయి ఎర్రనేల వచ్చును, వరిచేలకు మారుగా జీడిమామిడి, పామాయిలు తోటలు అగపడును, కామవరపుకోట దాటిన పిమ్మట గుట్టలు లేచును.

ఈ సీమలో కొండను ఎన్నుకొనుటకు ఎత్తు ప్రమాణము కాదు. దారిలో నీడయు నీరును ఎంతవరకు లభించునో, తిరుగుదారి ఎంతసేపు పట్టునో, దానినిబట్టియే నిర్ణయింపవలెను. వేసవిలో రాతిగుట్టలు మధ్యాహ్నమునకే నిప్పులు చెరగును. వానకాలమున వాగులు క్షణములో పొంగి దారిని మూసివేయును. కావున వనభోజనముల కార్తికము మొదలు మాఘమువరకు గల కాలమే శ్రేష్ఠము.

బుట్టాయగూడెము అడవిలోని గుబ్బల మంగమ్మ గుహాలయమునకు పోవు త్రోవ చెట్లనీడను, వాగుల వెంటను సాగును. చీకటిపడకమున్నే అడవి వెలుపలికి రావలెను. 2008లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన పాపికొండలు గోదావరిపై లాంచీనుండి చూడదగినవే గాని, అటవీశాఖ అనుమతి లేక కాలినడకన చొరదగినవి కావు.

తొలిసారి బయలుదేరువారికి నిస్సంశయముగా చెప్పదగినది జీలకర్రగూడెము చెంతనున్న గుంటుపల్లి. ఏలూరునుండి సుమారు 40 కిలోమీటర్లు. గుర్రపులాడము వలె వంగిన ఇసుకరాతి కొండమీద క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దినాటినుండి బౌద్ధభిక్షువులు తొలిపించుకొన్న గుహలును, ఇటుక చైత్యమును, వరుసలుగా నిలిచిన చిన్నస్తూపములును కలవు. అందు వర్తులాకారపు చైత్యగృహము బీహారునందలి బరాబరు కొండల లోమశఋషి గుహకు సన్నిహితము. కొయ్యకప్పు దూలములను శిల్పి రాతిలోనే మలచిన తీరు లోనికి వంగి చూచినగాని తెలియదు. అందలి స్తూపమును ఊరివారు ధర్మలింగేశ్వరుడని కొలుతురు. శ్రమ స్వల్పము, ఫలము అపారము. రెండువేల ఏండ్ల చరిత్రయు, మెట్టసీమ పచ్చదనమును ఒకే చూపున అందించు కొండ ఈ ప్రాంతమున మరియొకటి లేదు. ఉదయముననే ఎక్కుడు, త్రాగునీరు వెంట గొనిపొండు. ఆ మెత్తని ఇసుకరాతిపై పేర్లు చెక్కవలదు, చెక్కువారిని చూచి ఊరకుండవలదు.