మిలటరీ మాధవరం ఇల్లాళ్ళు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మనవైపు అందరూ 'మిలటరీ మాధవరం' అనే అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని చెబుతారు.

మగవాళ్ళు అలా దూరదేశాల్లో ఉండగానే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేశాయి. ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళు ఇక ఎవరి కోసమని భయపడాలి?

ఈనాటికీ సరిహద్దులో ఉన్న జవానుకి రాసే ఉత్తరం మీద ఊరి పేరుండదు. 56 ఏపీవో, 99 ఏపీవో అన్న అంకెలే. ఆయన ఎక్కడున్నాడో తెలియకపోయినా పిల్లల ఫీజులు, అత్తగారి మందులు, వరికోతలు ఆగవు కదండీ! వెళ్ళినవాళ్ళ లెక్క ఊరు చెబుతుంది. ఇల్లు నడిపినవాళ్ళ లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మ ఉంటే ఈరోజే అడిగి రాసుకోండి.