కన్నవారు, పెంచినవారు

పిల్లలకు చెప్పు మాయకథలలో కన్నవారొకరు, పెంచినవారొకరుగా నుండుట తఱచు. మాంత్రికుడు తల్లిని కొనిపోవును. బిడ్డ మఱియొకరి చేతులలో పెరుగును. పెద్దవాడై నిజ మెఱుగును. అప్పుడా బిడ్డ యెవరివాడు? ఈ ప్రశ్నకు మన కథలును, చరిత్రయు చెప్పిన సమాధానములు వినదగినవి.

బాలనాగమ్మకథ పల్లెలలో బుఱ్ఱకథగను, 1942లో జెమినీవారి చలనచిత్రముగను ప్రసిద్ధికెక్కినది. మాయల ఫకీరు బాలనాగమ్మను నాగుళ్ళపూడి గట్టునకు కొనిపోయెను. పసివాడగు బాలవర్ధిరాజును పెద్దమ్మలు పెంచిరి. వయసు వచ్చినపుడు వానికి తల్లి వృత్తాంతము తెలిసెను. వాడు పెంచినవారిపై పగ పూనలేదు; తల్లిని వెదకుచు బయలుదేరెను. గట్టుచెంత పూలు కట్టు తంబళి పెద్ది వానిని తన మనుమడని చెప్పి కోటలోనికి చేర్చెను. చిలుకలో దాగిన ఫకీరు ప్రాణమును సాధించి వాడు తల్లిని విడిపించెను. కన్నతల్లిని చేరుటకు కలుపుకొన్న బంధమే దారి చూపినది.

ఇక చరిత్ర. నేటి రామగుండము, మంథని సీమలు ఒకనాడు కాకతీయుల యేలుబడిలోనివి. రుద్రమదేవికి కుమారులు లేరు. కూతురు ముమ్మడమ్మకును మహాదేవునకును జన్మించిన ప్రతాపరుద్రుని ఆమె దత్తత గైకొనెను. మనుమడే కుమారుడయ్యెను. 1289లో ఆమె మరణింపగా అతడు ఓరుగల్లు సింహాసనమెక్కి 1323 వఱకు పాలించెను. దత్తత అతనికి రాజ్యమిచ్చినది. కన్నవారి పేళ్ళను చెఱిపివేయలేదు.

1956నాటి హిందూ దత్తత చట్టము, దత్తు పోయిన దినమునుండి పుట్టినింటి బంధములు తెగినట్లే యని చెప్పుచు, ఒక ముడిని మాత్రము విప్పక విడిచినది. పుట్టినింట ఎవరితో వివాహము నిషిద్ధమో, దత్తు పోయిన పిదపను వారితో నిషిద్ధమే. ఈ నియమమును పాటింపవలెనన్న బిడ్డకు తన పుట్టుక తెలియవలెను గదా!

గోదావరిఖని ప్రాంతమున ఇది కథతో ముగియు సంగతి కాదు. బొగ్గుగనుల వేతన ఒప్పందములో చట్టసమ్మతముగ దత్తత పొందిన కుమారుడును ఆశ్రితులలో చేరియున్నాడు. కావున గనిపనివాని యింట దత్తపత్రమును భద్రముగా దాచుకొనవలసినదే. కాని ఆ పత్రములోని నిజము పెట్టెలోనే యుండిపోరాదు.

పెద్దలారా! పెంపుడుబిడ్డకు తన జన్మవృత్తాంతము ఇరుగుపొరుగువారి నోట గాక, పెంచినవారి నోటనే, చిన్ననాడే తెలియుట మేలు. నిజము విన్న బిడ్డ తమకు దూరమగునని భయపడ నక్కఱలేదు. బాలవర్ధిరాజు ఇల్లు వెడలినది తల్లిని తోడ్కొని మరలి వచ్చుటకే.