పొసగని వార్తల నడుమ జాడతీయుట

భూగర్భమున ఏ క్షణమున ఎవరెవరున్నారో పేరుపేరున చూపగల పుస్తకము ప్రభుత్వము నిర్దేశించిన గనులయందు ఉండితీరవలెనని 1952 నాటి గనుల చట్టము శాసించినది. కోలారు బంగారు గనులలోని చాంపియన్ రీఫ్ గనిని ఆనుకొనియున్న మా ఆండర్సన్‌పేటలో ఆ నిబంధన విలువ ఒకరు చెప్పవలసినది కాదు. రాక్ బరస్టు సంభవించి రాతిపొరలు కూలిననాడు, దిగినవారెవరో, ఏ షాఫ్టున దిగిరో ఆ పుస్తకమే చెప్పవలెను. అట్టి పుస్తకమే లేనిచోట గల్లంతయిన మనుష్యుని కథ వేరు. అతడు కడపట ఎవరి కంటబడెనో చెప్పువారు పలువురుందురు, ఒకరి మాట ఒకరితో పొసగదు. ఆ మాటలను ప్రక్కప్రక్కన పేర్చి సరిచూచు పని చిరకాలము పోలీసులకును విచారణ సంఘములకును చెంది, మన కన్నులముందే, ఏ అధికారమును లేక ఇంట కూర్చుండి అంతర్జాలమున కాగితములు గాలించు ఔత్సాహికుల చేతికి వచ్చినది.

మన దేశమున ఈ విద్యకు ఆదిపాఠము సుభాస్ చంద్రబోసు ఉదంతము. 1945 ఆగస్టు 17న సైగానులో, విమానమున చోటు లేదని జపానువారు చెప్పగా, 1943లో జలాంతర్గామిలో నేతాజీ వెంట ప్రయాణించిన హైదరాబాదు వాస్తవ్యుడు ఆబిద్ హసన్ మొదలైన సహచరులు అచ్చటనే నిలిచిపోయిరి; హబీబుర్ రహమాన్ ఒక్కడే వెంట వెళ్లెను. మరునాడు తైహోకు, అనగా నేటి తైపే, విమానాశ్రయమున విమానము కూలెననియు, కాలిన గాయములతో ఆ రాత్రియే నేతాజీ మరణించెననియు 23వ తేదీన జపాను వార్తాసంస్థ వెల్లడించెను. పొసగని సంగతులు నాటినుండియే మొదలైనవి. నేతాజీదని రహమాన్ తెచ్చిన చేతిగడియారము దీర్ఘచతురస్రము. ఆయన ధరించునది గుండ్రనిదని తెలిసినవారు కొందరనిరి. 1946లో తైపేకు స్వయముగా వెళ్లి విచారించిన పాత్రికేయుడు హరీన్ షా సంపాదించిన దహనపత్రములలో ఇచిరో ఒకురా అను సైనికుని పేరుండెను. రహస్యము కాపాడుటకై మారుపేరు వ్రాసిరని నమ్మి, నేతాజీ మరణమును రుజువుచేయుటకే హరీన్ షా ఆ కాగితములను తెచ్చెను. తరువాతివారు వానినే ఆ మరణమును కాదనుటకు ఆయుధము చేసికొనిరి. ఒకే పత్రము రెండు పక్షములకును సాక్ష్యమిచ్చుట ఈ చరిత్రలో తరచుగా కనబడు విచిత్రము.

ప్రభుత్వము వరుసగా విచారించినది. 1956లో షానవాజ్ సంఘము ప్రమాదము నిజమనగా, సభ్యుడైన నేతాజీ అన్న సురేశ్ చంద్రబోసు అసమ్మతి ప్రకటించెను. 1974లో ఖోస్లా సంఘము మరల ప్రమాదమునే స్థిరపరచెను. 1999లో ఏర్పడిన ముఖర్జీ సంఘము, నేతాజీ మరణించిన మాట వాస్తవమే కాని ఆ విమానప్రమాదమున కాదని 2005లో తేల్చగా, ప్రభుత్వము దానిని త్రోసిపుచ్చినది.

ఔత్సాహికుల ప్రవేశము ఈ నడుమనే. 1945 ఆగస్టు 14కును సెప్టెంబరు 20కిని మధ్య తైపేలో అట్టి విమానము కూలినట్లు దాఖలాలు లేవను తైవాను ప్రభుత్వపు జవాబును 2003లో అనుజ్ ధర్ అను యువ పాత్రికేయుడు ఈ-మెయిలు ద్వారా రాబట్టెను. పిదప ఆయనయు మిత్రులును ఏర్పరచిన మిషన్ నేతాజీ, 2005 నాటి సమాచార హక్కు చట్టమును ఆధారము చేసికొని, పాత సంఘముల ముందుంచిన పత్రములను బయటపెట్టుడని పట్టుబట్టెను. 2015 సెప్టెంబరులో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము 64 దస్త్రములను, 2016 జనవరి 23న కేంద్రము తొలివిడతగా 100 దస్త్రములను వెలువరించుటకు దారితీసిన ఒత్తిడిలో వీరి పాలు తక్కువ కాదు. అదే 2016లో, వీరికి ప్రతిపక్షమున నిలిచిన ఆశిష్ రే, జపాను ప్రభుత్వము 1956లో జరిపిన విచారణ నివేదికను అంతర్జాలమున ఉంచి, ప్రమాదము నిజమని వాదించెను. ఈ ఔత్సాహికుల సిద్ధాంతములకంటె వారు వెలికితీయించిన కాగితములే విలువైనవని నా అభిప్రాయము. లొంగిపోవుచున్న సైన్యపు విమానమునుగూర్చి, నాడు జపాను పాలనలోనున్న ద్వీపమున దాఖలా మిగులలేదన్నంతనే, విమానమే కూలలేదని ఎట్లనగలము?

ఈలోగా పాశ్చాత్య దేశములలో అన్వేషణ కాగితములనుండి ఉపగ్రహ చిత్రములకు మారినది. 2007 సెప్టెంబరులో నెవాడాలో ఒంటరిగా విమానమెక్కి మరలిరాని సాహసి స్టీవ్ ఫాసెట్ కొరకు వేలాది జనులు ఇండ్లనుండి చిత్రములు పరిశీలించిరి, ఫలితము శూన్యము. మరుసటి యేడు కాలినడకను పోవు ఒక పథికునికి ఆయన గుర్తింపుపత్రములు కొండలలో దొరకెను. 2013లో బోస్టను పేలుళ్ల పిదప జరిగినది దారుణము: అంతకు నెలముందు నుండి కానరాని భారతీయ సంతతి విద్యార్థి ఒకడే దోషియని ఔత్సాహికులు నిర్ధారించి, అతనికొరకు వెదకుచున్న కుటుంబమునే వేధించిరి. అతడు నిర్దోషి, మృతదేహము కొలది దినములకు నదిలో లభించెను.

తెలుగువారిని తాకినది 2016 జులై 22 నాటి వార్త. తాంబరము నుండి పోర్టుబ్లెయిరుకు బయలుదేరిన వైమానికదళపు ఏ.ఎన్.-32 విమానము 29 మందితో బంగాళాఖాతముపై అదృశ్యమాయెను. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయువారు. 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో గల్లంతయిననాడు క్షేమముగా దిగెనని తొలుత టీవీలలో విని, మరునాటి ఉదయము మరణవార్త విన్న జనులకు ఆశయొక్క ఈ క్రౌర్యము క్రొత్త కాదు. ఈమారు, గల్లంతయిన ఒకరి ఫోను మ్రోగుచున్నదని కుటుంబమువారు చెప్పిరి. అంతకు రెండేండ్ల ముందు 239 మందితో మాయమైన మలేసియా విమానము విషయమునను ఇదే మాట పుట్టినది. పిలిచినవారి చెవికి వినవచ్చు ఆ ధ్వనిని కల్పించునది టెలిఫోను వ్యవస్థ. ఆవలి ఫోను మ్రోగుచున్నదనుటకు అది సాక్ష్యము కాదు. కాని కన్నతల్లికి ఆ మాట చెప్పుటకు ఎవరికి నోరాడును?

2016 సెప్టెంబరులో ఆ 29 మందిని మృతులుగా భావించి అన్వేషణ ముగించిరి. 2024 జనవరిలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలాంతర యంత్రము సుమారు 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలముల ఛాయాచిత్రములు తీసినది. మా చాంపియన్ రీఫ్ గని అడుగునకు, అనగా సుమారు 3,200 మీటర్లకు, మరి రెండు వందల మీటర్లు క్రిందనన్న మాట. అంత లోతునకు ఏ ఔత్సాహికుని ఊహయు దిగలేదు. ఆ స్థలము చెన్నై తీరమునకు 140 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 310 కిలోమీటర్లు, అని అధికార ప్రకటనలో నున్నది. లెక్కవేసి చూడగా 140 నాటికల్ మైళ్లకు 259 కిలోమీటర్లే వచ్చును. మిగిలిన 51 కిలోమీటర్లలో ఒకరికి గుమాస్తా పొరపాటు తోచును. మరియొకరు దానిపై ఒక గ్రంథమే వ్రాయగలరు.