హైదరాబాద్ ఆర్కిటిక్‌లో తేలితే
జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో పొరలు ఒకదానిపై ఒకటి కుదరకపోతే, ఎంత దూరం జరిగాయో ముందు చూడాలి. రోగమేదో సగం అక్కడే తెలుస్తుంది. హైదరాబాద్ నార్వేవారి స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలిందా? అక్షాంశం 17.4, రేఖాంశం 78.5 తారుమారయ్యాయి. ఇది నయం, చూడగానే దొరికిపోతుంది.

వంద, రెండు వందల మీటర్ల తేడాయే ప్రమాదకరం. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లకు ఆధారం ఎవరెస్ట్ దీర్ఘగోళం. జీపీఎస్‌కూ, 2005 జాతీయ పటాల విధానంతో వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలకూ డబ్ల్యూజీఎస్84. డేటమ్ మార్చకుండా రెంటినీ కలిపితే చెరువు శిఖం హద్దు పక్క రైతు పొలంలోకి పోతుంది.

క్యూజీఐఎస్‌లో చాలామంది పొరబడేది ఒకచోట. ‘సెట్ లేయర్ సీఆర్‌ఎస్’ పేరుచీటీని మారుస్తుందే తప్ప అంకెలను కదపదు. చీటీ తప్పుగా ఉన్నప్పుడే దాన్ని వాడాలి. అంకెలే మారాలంటే ‘రీప్రాజెక్ట్ లేయర్’.

విస్తీర్ణానికి యూటీఎం మేలు: హైదరాబాద్, విజయవాడ 44వ జోన్, 78 డిగ్రీలకు పడమరనున్న జహీరాబాద్, అనంతపురం 43. వెబ్ మెర్కేటర్ సమతలం మీద లెక్కిస్తే మన అక్షాంశాల్లో 100 ఎకరాలు దాదాపు 109 అవుతాయి.